డోర్కస్ పలకని పేరు

డోర్కస్ అక్క పక్షపాతి అని పార్లమెంటులో అన్న రోజు నేను మా దీవుల రాజధాని హొనియారా బజారులో వక్కల బల్ల ముందు నిలబడి ఉన్నాను. రేడియోలో నా ఉద్యోగం పోయి అప్పటికి ఏడు వారాలు. ఆ మాట అన్నవాడు హడ్సన్ మెనోలా. రేడియో వ్యవహారాలు చూసే మంత్రి, డోర్కస్ భర్తకు స్వయానా అన్న. ఈ చివరి ముక్క మాత్రం ఆయన సభలో చెప్పలేదు. నాకు ఒళ్లు మండింది అక్కడే.

డోర్కస్ రీఫ్ దీవుల మనిషి. పంతొమ్మిదో ఏట నర్సు చదువుకని హొనియారా వచ్చి, రక్తం చూస్తే కళ్లు తిరుగుతాయని తేలాక రేడియోలో చేరింది. ముప్పై ఒక్క ఏళ్లు మధ్యాహ్నం వార్తలూ, సాయంత్రం సందేశాల గంటా ఆమెవే. దీవుల క్లినిక్‌ల నుంచి వైర్‌లెస్‌లో వచ్చే కబుర్లన్నీ తనే రాసుకునేది. ఏ ఓడ ఎప్పుడు బయలుదేరిందో, ఆసుపత్రిలో ఎవరికి ఎలా ఉందో, ఎవరు పోయారో తెలియడానికి ఫోను అందని దీవులకు ఆ గంటే దిక్కు. చావు కబుర్లు ముందు, నెమ్మదిగా, రెండేసి సార్లు చదివేది. స్టూడియోలోకి చెప్పులతో వస్తే మేనేజర్నైనా బయటికి పొమ్మనేది.

మా పిజిన్ భాషలో టాంబు అంటే చేయకూడనిదీ అదే, అత్తింటి చుట్టమూ అదే. డోర్కస్ వాళ్ల వైపు ఈ పట్టింపు మరీ గట్టిది. భర్తకు అన్న అయినవాడి పేరు ఆడమనిషి నోట రాకూడదు. వచ్చిందా, అత్తింట్లో ఆమె చేతి తిండి ఇక ఎవరూ ముట్టరు. మెనోలా రాజకీయాల్లోకి దిగాక ఆ పేరు వార్తల్లో పడడం మొదలైంది. మేమిద్దరం ఒక ఏర్పాటు చేసుకున్నాం. పేరు దగ్గరికి రాగానే ఆమె చూపుడు వేలు ఎత్తేది. పక్కన యంత్రం దగ్గర కూర్చునే నేను నా మైకులో "హడ్సన్ మెనోలా" అనేవాణ్ణి. మిగతా వాక్యం ఆమె అందుకునేది. ఆరేళ్లు ఇలాగే నడిచింది. మధ్యలో ఆ మగగొంతు ఎవరిదని శ్రోతలు ఉత్తరాలు రాసేవాళ్లు.

ఆ ఏడు మెనోలాయే రేడియోకిచ్చే నిధులను సగానికి కోశాడు. స్టూడియోలో ఇద్దరెందుకని నన్ను పంపేశారు. యంత్రమూ ఆమే చూసుకోవాలి, వార్తలూ ఆమే చదవాలి. వేలెత్తితే పలికేవాడు లేడు. అందుకని ఆయన పేరున్న చోటల్లా "మంత్రిగారు" అని చదువుకుపోయింది. జరిగింది ఇంతే. "ఇరవై రోజుల వార్తల్లో ప్రతిపక్ష నాయకుడి పేరు పద్నాలుగు సార్లు, నా పేరు సున్నా" అని సభలో చదివాడు ఆ పెద్దమనిషి. రీఫ్‌లోనే పుట్టి పెరిగినవాడికి కారణం తెలియదా? తెలుసు. మిగిలిన సగం నిధులూ కోయడానికి సాకు దొరికిందని నోరు మూసుకున్నాడు.

"అన్నదాంట్లో తప్పేముంది, ఎప్పుడు పెట్టినా ప్రతిపక్షం గోలే" అన్నాడు వక్కలమ్మే జోయాష్, సున్నం డబ్బా మూత బిగిస్తూ. "అదీ మన పన్నుతో. ఓడలూ చావులూ తప్ప ఏముంది ఆ రేడియోలో?"

"మీ నాన్న పోయిన కబురు మీ తమ్ముడికి ఎలా అందిందిరా?"

"అది వేరే సంగతి."

"ఏం వేరు?"

"నీ ఉద్యోగం పోయిందని నీ ఏడుపు. ఆ మాట ఒప్పుకో ముందు."

అందులో కొంత నిజముంది. అందుకే నాకు ఇంకా కోపమొచ్చింది.

మంత్రి కార్యాలయం నుంచి, రేడియో ఆయనకు చెప్పాల్సిన క్షమాపణ కాగితం వచ్చింది. అందులో ఆయన పేరు మూడు చోట్ల ఉంది. శుక్రవారం మధ్యాహ్నం డోర్కస్ తన గొంతుతోనే చదవాలి. చదవకపోతే ఒకటో తారీఖు నుంచి సందేశాల గంట ఉండదు. సంగతి విని నేను ఆమె ఇంటికి వెళ్లాను.

"నేనొచ్చి పలుకుతానక్కా."

"రానివ్వరు. మేనేజరుకి టాంబు సంగతి చెప్పాను. వార్తల్లో చుట్టరికాలేంటమ్మా అన్నాడు."

"మరి బావగారు వెళ్లి వాళ్లన్నతో మాట్లాడొచ్చుగా?"

"వెళ్లాడు. నీ పెళ్లాం మూడుసార్లు పలికితే నోరు పడిపోతుందా అన్నాడట. తోడబుట్టినవాడితో అనే మాటేనా అది?" ఆమె కాగితం మడిచి చాప కింద పెట్టింది. "నాకు నా గంట కావాలి తమ్ముడూ. ఆ పేరు మాత్రం నా నోట రాదు. రెండూ ఎలా కుదురుతాయో నువ్వు చెప్పు."



శుక్రవారం జోయాష్ బల్ల మీది రేడియో దగ్గరే నిలబడి విన్నాను. "గౌరవ మంత్రి శ్రీ" అని డోర్కస్ ఆగింది. చప్పుడు లేదు. ఒక మనిషి పేరు పలికేంత సేపు ఆగి, "గారిని వార్తల్లో విస్మరించినందుకు" అని అందుకుంది. జోయాష్ రేడియో నెత్తిన తట్టాడు. "బ్యాటరీ అయిపోయినట్టుంది."

రెండో చోటా ఆగింది. ఖాళీ స్టూడియోలో ఆమె వేలెత్తి కూర్చున్నట్టు నాకు కనబడింది.

పక్క బల్ల మీద కర్రపెండలం రొట్టెలమ్మే రీఫ్ ముసలామె తల దించుకుంది. "బ్యాటరీ కాదయ్యా. ఆయన ఆ పిల్లకి టాంబు."

ఆ మాట బల్ల నుంచి బల్లకు పాకింది. మూడోసారి ఆమె ఆగినప్పుడు చేపలు కోసేవాళ్లు కూడా కత్తులు ఆపారు.

"ఆ మంత్రీ రీఫ్ వాడే కదా?" అన్నాడు జోయాష్. "ఆయనకి తెలీదా మరి?"

"తెలుసు" అన్నాను.

"తెలిసే చదవమన్నాడా?"

"తెలిసే."

జోయాష్ నోట్లో వక్కంతా పక్కకు ఉమ్మేశాడు.

అది కూడా పక్షపాతమేనని మంత్రి తేల్చాడు. డోర్కస్‌ను ఆ సాయంత్రమే ఇంటికి పంపేశారు. ఒకటో తారీఖున సందేశాల గంట తీసేశారు. పత్రికల్లో రెండు వారాలు వాదులాడుకున్నారు, రేడియో ఎవరిది, ఎవరి వైపు మాట్లాడాలి అని. ఆ రాసినవాళ్లందరికీ ఫోన్లున్నాయి.

పోయిన నెల మా సికయానా దీవిలో మా అమ్మ చనిపోయింది. క్లినిక్ వాళ్లు వైర్‌లెస్‌లో రేడియోకి కబురు పెట్టారట. అక్కడ ఎత్తేవాళ్లు లేరు. పద్దెనిమిది రోజుల తర్వాత ఓడ దిగిన మనిషి రేవులో చెప్పాడు. ఆ పద్దెనిమిది రోజుల్లోనే నేను మా అమ్మకని దుప్పటి కొన్నాను.

తెలిసి డోర్కస్ వచ్చింది. గోడకానుకుని కూర్చుంది.

"నేనుంటే ఆ సాయంత్రమే నీకు తెలిసేది తమ్ముడూ" అంది.