గేటు దగ్గర డెల్లా

ఐర్లండులో మా లిమరిక్ పల్లెల్లో గుర్రాలమీద చేసే నక్కవేటకి అతిథులెవరొచ్చినా వాళ్ళ బరువంతా డెల్లా కాహలన్‌ మీదే. గుర్రం ఇచ్చేదీ ఆవిడే, నోరు నొప్పెట్టేదాకా బుద్ధులు చెప్పేదీ ఆవిడే. మేమిద్దరం ఒకే బళ్ళో చదువుకున్నాం.

ఆ శనివారం డబ్లిన్ నుంచి లోర్కన్ అనే పళ్ళ డాక్టరు వచ్చాడు. నా పొలం గేటు దగ్గరే డెల్లా పాఠం మొదలెట్టింది.

"చూడు నాయనా, ముందు వేటపెద్దకి టోపీ ఎత్తి పలకరించు. ఆయన్ని దాటిపోకు. వేటకుక్కలొస్తే గుర్రం మొహం వాటివైపు తిప్పు, వెనకవైపు తిప్పావో వాటిని తన్నేస్తుంది. అన్నిటికంటే ముఖ్యం, గేటు వెయ్యడానికి ఎవరైనా దిగితే మళ్ళీ ఎక్కేదాకా ఆగు. పక్క గుర్రం పోతుంటే ఏ గుర్రమూ నిలబడదు."

"అలాగేనండీ," అన్నాడు, ఇదో లెక్కా అన్నట్టు.

నాకు ఈ వేటవాళ్ళంటే ఒళ్ళుమంట. కిందటి నెల ఎవడో గేటు తెరిచిపోతే నా గొర్రెలు రోడ్డెక్కాయి. ఇంకొక్కసారి జరిగితే పొలంలో అడుగు పెట్టనివ్వనని వేటపెద్దకి చెప్పేశాను. నా పొలం దాటకపోతే వాళ్ళకి కొండకి దారి లేదు. అందుకే కంచె వెనక దాక్కుని కాపలా కాశాను. తప్పు దొరకాలనే కోరుకున్నాను, దాచడమెందుకు?

పాపం డెల్లా! ఇన్నేళ్ళూ అతిథులతో వెనకబడి గేట్లు వేసుకుంటూ, ఒక్క నక్కనీ చూసి ఎరగదు. నక్క ముందుగా ఎవరి కంటబడితే వాళ్ళు టోపీ ఎత్తి కేక పెట్టాలి. ఆ సాయంత్రం సారాకొట్లో వాళ్ళదే రాజ్యం. "చచ్చేలోగా ఒక్క కేక పెడితే చాలురా టిమ్," అనేది నాతో.

గుంపంతా దాటింది. గేటు వెయ్యడానికి డెల్లా దిగింది. కొండమీద బూర మోగింది. అంతే, లోర్కన్‌కి పూనకం వచ్చి దౌడు తీశాడు. డెల్లా గుర్రం కళ్ళెం విదిలించుకుని వాడి వెనకే పోయింది. నా గొర్రెలు గేటుకేసి ఉరికాయి. ఆవిడ పిక్కల్లోతు బురదలో నిలబడి, వీపుతో గేటు నెట్టిపట్టింది.

"నీ పళ్ళు రాలిపోనూ!" అని డాక్టర్ని తిట్టింది. నాకు నవ్వాగలేదు.

అప్పుడొచ్చింది నక్క. కుక్కలు కొండమీద వెతుకుతుంటే, ఇదేమో కంచె కింద దూరి, నా గొర్రెల మధ్యనుంచి తాపీగా నడిచింది. పోయినేడు నా గొర్రెపిల్లల్ని తిన్నది అదేనేమో, నాకే నోరు దురద పెట్టింది.

డెల్లా టోపీ తీసింది. నోరు తెరిచింది. గొర్రెలవంక చూసి, ఆ టోపీనే నోటికి అడ్డం పెట్టుకుంది.

నేను బయటికొచ్చాను. "అరవలేదేం?"

"అరిస్తే కుక్కలన్నీ ఇటే వస్తాయి కదరా. నీ గొర్రెలు చూలుతో ఉన్నాయి." టోపీ మళ్ళీ తలకి పెట్టుకుంది. "పోనీలే, కళ్ళారా చూశాను."

నా గుండె కరిగిపోయింది. ఇంతలో వేటపెద్ద గుర్రమ్మీద వచ్చాడు. "నక్క ఇటొచ్చిందా?"

"లేదు దొరా," అంది డెల్లా.

ఆయన నావైపు తిరిగాడు.

"నేనూ చూళ్ళేదు," అన్నాను. "వచ్చే శనివారం మా వాకిట్లోంచే బయల్దేరండి. డెల్లా మీ పక్కన, అందరికంటే ముందుండాలి. గేట్లు నేనేస్తాను."

డెల్లా బురద చేత్తోనే కళ్ళు తుడుచుకుంది. "నువ్వా? ముందు ఈ గొళ్ళెం బాగు చేయించరా, నా వీపు విరిగిపోతోంది!"