లెక్కల పీరియడ్‌కు వీడియో

మొయినాబాద్ మండలంలోని ఒక జిల్లా పరిషత్ హైస్కూల్‌కు భౌతికశాస్త్రం స్కూల్ అసిస్టెంట్‌గా నేను బదిలీ మీద వచ్చింది, కరోనా తర్వాత బడులకు పెద్ద డిజిటల్ తెరలు ఇచ్చిన ఏడు. రిటైర్‌మెంట్ దగ్గర పడ్డది. అయినా తెర బాధ్యత హెడ్మాస్టర్ నాకే అప్పగించిండు.

ఆన్‌లైన్ వీడియోతో పాఠం చెప్పడానికి ఒక పద్ధతి ఉన్నది. మొత్తం ఒక్కసారే నడిపించొద్దు. మధ్యమధ్య ఆపి, తర్వాత ఏమైతదో పిల్లలతోనే చెప్పించి, అప్పుడు చూపించాలె. ఇంటి అసైన్‌మెంట్‌కు వీడియో లింకు పంపితే, మర్నాడు దాని మీద ప్రశ్నలు అడగాలె. నేనూ, లెక్కల సారూ అట్లనే చేసినం. తనిఖీకి వచ్చిన అధికారి మా తరగతులు చూసి మెచ్చుకున్నడు.

ఆ మెప్పే మా కొంప ముంచింది. దసరా సెలవులు అయినంక లెక్కల సారును వర్క్ అడ్జస్ట్‌మెంట్ మీద చేవెళ్ల దిక్కు ఇంకో బడికి పంపిన్రు. అంటే పోస్టు మా బడిలోనే ఉంటది, మనిషి మాత్రం అక్కడ పనిచేస్తడు. నేను పోయి మండల విద్యాధికారిని అడిగిన.

"ఆ బడిల తెర లేదు మేడం. మీ దగ్గర వీడియోలు మంచిగ నడుస్తున్నయి కద, జర సర్దుకోండ్రి" అన్నడు.

పదో తరగతి లెక్కలు ఇక తెర మీదనే. అదే పీరియడ్‌లో నాకు తొమ్మిదో తరగతి ఉండేది. వీడియో పెట్టి, క్లాస్ లీడర్‌కు అప్పజెప్పి పోయేదాన్ని. అసైన్‌మెంట్లు వాట్సాప్ గ్రూపుకు ఫొటోలుగా వచ్చేవి. అందరివీ సరిగ్గనే ఉండేవి. నాకు అనుమానమొచ్చింది. నా సైన్స్ పీరియడ్‌లో, మా మండలంలోనే ఉన్న హిమాయత్‌నగర్ ఊరి నుంచి షేర్ ఆటోలో వచ్చే స్రవంతిని బోర్డు దగ్గరికి పిలిచి, ఆమె పంపిన లెక్కనే అంకెలు మార్చి ఇచ్చిన. మొదటి లైను రాసి చాక్‌పీసు పట్టుకొని నిలబడ్డది.

"ఇంట్ల ఎట్ల చేసినవమ్మా?" అని అడిగిన.

"వీడియో ఆపుకుంట, చూసి రాసిన మేడం. ఈ లైను నుంచి ఆ లైను ఎట్ల వచ్చిందో తెల్వలే. అడుగుదామంటే సారు లేడు."

తరగతిలో ఎవరూ నవ్వలే. అందరి సంగతీ అదే.

ఆ దినం నుంచి బడి విడిచినంక నేనే లెక్కలు చెప్పిన. ఆటోలు దొరకవని దూరపు ఊర్ల ఆడపిల్లలు సగంలోనే లేచి పోయేటోళ్ళు. సారును వెనక్కి పంపమని హెడ్మాస్టర్ రెండుసార్లు రాసిండు. జవాబు రాలే.

పదో తరగతి పరీక్షల్లో స్రవంతి సైన్స్‌లో మంచి మార్కులు తెచ్చుకొని లెక్కల్లో ఫెయిలైంది. సప్లిమెంటరీ రాయించమని వాళ్ళ ఇంటికి పోయిన. తండ్రి చందనవెల్లి ఫ్యాక్టరీల దగ్గర లోడింగ్ పనిచేస్తడు. నాకు కుర్చీ వేసి నెమ్మదిగ అన్నడు:

"సర్కారు గంత పెద్ద టీవీ ఇచ్చింది మేడం. రోజూ చూసి గూడ రాలేదంటే, మా పిల్లకే బుర్ర లేదు."

తప్పు పిల్లది కాదని ఎంతో చెప్పిన. స్రవంతి తలెత్తకుండనే, "నాకు రాదు మేడం" అన్నది. పరీక్ష రాయలే. బడులు తెరిచేనాటికి తల్లితో మోకిల దిక్కు విల్లాలల్ల ఇంటిపనికి పోతున్నది.

నేను రిటైరైన రోజుకు కూడా లెక్కల సారు తిరిగి రాలే.

ఉద్యోగం చివర నాకు తెలిసింది ఇది. తెర నడుస్తుంటే, బయటి నుంచి చూసేవాళ్ళకు తరగతి నడుస్తున్నట్టే ఉంటది. అట్ల కనబడినన్ని రోజులు ఆ తరగతికి టీచర్‌ను పంపరు. ఫెయిలైన పిల్ల, తప్పు తనదే అనుకుంటది.