లవంగం ఎక్కువైందండీ

సెంటు కొట్టుకుని ఇంకొకరి ఉద్యోగం ఊడగొట్టబోయిన ఘనుణ్ణి మీరెప్పుడైనా చూశారా? చూడకపోతే ఇదిగో, నన్ను చూడండి. ఊడబోయింది నా ఉద్యోగమే అయితే ఇంత సిగ్గుపడాల్సిన పని ఉండేది కాదు.

ఆరేళ్ళ కిందట విజయవాడలో ఒక మసాలా పొడుల కంపెనీలో క్వాలిటీ ఇన్‌ఛార్జిగా చేరాను. హోదా ఘనమైనదే కానీ, సాయంత్రం సిటీ బస్సెక్కితే నా పక్కన కూర్చున్నవాళ్ళు తుమ్ముకుంటూ లేచిపోయేవారు. ఒంటికి పట్టిన కారం, ధనియాల వాసన ఏ సబ్బుకీ లొంగేది కాదు. ఆఫీసరన్నవాడు ఆఫీసరులా ఘుమఘుమలాడాలని తీర్మానించుకుని బెంజ్ సర్కిల్ దగ్గర ఒక సెంట్ల షాపుకి వెళ్ళాను.

షాపు యజమాని ఖాదర్ గారు నెమ్మదస్తుడు. "రోజూ ఆఫీసుకి వేసుకునేది కావాలండీ. హుందాగా ఉండాలి" అన్నాను. ఆయన ఒక సీసా తీసి నా మణికట్టు మీద ఒక్కసారి కొట్టారు. ముందు మిరియాలు తగిలాయి, ఆ వెనకే దాల్చినచెక్క, లవంగం, అన్నిటికీ అడుగున చందనం, దేవదారు. నాకు ప్రాణం లేచొచ్చింది.

"ఇచ్చెయ్యండి!"

"తొందరెందుకండీ? రోజూ వాడేదాన్ని కొట్లో నిలబడి తేల్చకూడదు. ఓ పూట ఎండలో తిరిగి రండి. కాసేపటికి మీ ముక్కు అలవాటుపడిపోయి మీకు తెలీదు. పక్కవాళ్ళని అడగండి."

"నా ఉద్యోగమే వాసన చూడ్డమండీ" అని నవ్వి, సీసా జేబులో వేసుకొచ్చాను. మసాలా వాసన వదిలించుకోవడానికి వెళ్ళి సీసాడు మసాలా కొనుక్కొచ్చానన్న సంగతి మీకు అప్పుడే తట్టి ఉంటుంది. నాకు తట్టలేదు.

మర్నాడు రెండుసార్లు కొట్టుకుని బయల్దేరాను. బస్సు దిగేసరికి నాకు ఏ వాసనా తెలియలేదు. సరుకులో బలం లేదని తీర్పు చెప్పి, కంపెనీ గేటు దగ్గర ఇంకో నాలుగు కొట్టాను, ముఖ్యంగా మణికట్ల మీద.

మా యజమాని సుబ్బారావు గారు ముక్కు పాడవుతుందని మర వైపు రారు. విడిగా అద్దాల గదిలో కూర్చుంటారు. పొడులు కలిపే పెద్దావిడ మస్తానమ్మ గారు గరం మసాలా కలిపాక, ప్రతి వాయి నుంచీ కాస్త స్టీలు డబ్బాలో పట్టుకెళ్ళి ఆయన ముక్కు కింద మూత తీయడం నా పని. ఆయన కళ్ళు మూసుకుని పీలుస్తారు. సరేనంటేనే సరుకు ప్యాకింగుకి వెళుతుంది. ఇరవయ్యేళ్ళుగా మస్తానమ్మ గారి డబ్బాకి ఆయన వంక పెట్టలేదు.

ఆ రోజు పెట్టారు.

"లవంగం ఎక్కువైంది. నీకూ తెలుస్తోందా?"

డబ్బాలో ముక్కు దూర్చి పీల్చాను. ఎప్పటిలాగే ఉంది. కానీ ఓనరు గారికి తెలిసింది ఇన్‌ఛార్జికి తెలియకపోతే పరువేం కావాలి?

"అవునండీ. బాగా ఎక్కువైంది."

వెళ్ళి మస్తానమ్మ గారికి చెప్పాను, అదీ కాస్త దర్పంగా. "ఎప్పుడూ వేసేదే వేశాను బాబూ" అందావిడ. మర్నాడు తగ్గించి వేసింది. మళ్ళీ ఎక్కువైందన్నారు. మూడో రోజు దాల్చినచెక్క కూడా మితిమీరిందన్నారు.

"పాపం, పెద్దదైపోయింది. ముక్కు పనిచేస్తున్నట్టు లేదు. సోమవారం నుంచి కలపడం వేరేవాళ్ళకి ఇచ్చి, ఆవిణ్ణి ఇంటికి పంపించేద్దాం. ఏమంటావ్?" అన్నారు సుబ్బారావు గారు.

"అవునండీ" అన్నాను. నోటికి అదే అలవాటైపోయింది.

ఆ మాట చెవిన పడి, ఆ మధ్యాహ్నం మస్తానమ్మ గారు క్యారేజీ విప్పలేదు. డబ్బా ముందు పెట్టుకుని పదే పదే వాసన చూసుకుంటోంది. "నిజంగానే నా ముక్కు పోయిందా బాబూ?" అని అడిగింది. నేను పనున్నట్టు గడియారం చూసుకుంటూ అక్కణ్ణించి జారుకున్నాను. ఇన్నేళ్ళయినా ఆ ఒక్క ఘట్టానికి మాత్రం నాకు నవ్వు రాదు.

శనివారం ఆవిడ కూడా నా వెంట అద్దాల గదిలోకి వచ్చింది. మూత తీశాను.

"మళ్ళీ లవంగమే!" అని మొహం చిట్లించారు సుబ్బారావు గారు. "ఏమయ్యా?"

"నిన్నటికన్నా ఎక్కువండీ" అన్నాను.

"అయ్యా, ఇవాళ నేను లవంగం అసలు వెయ్యలేదండీ" అంది మస్తానమ్మ గారు.

ఆవిడ నా చేతిలోంచి డబ్బా లాక్కుని, నన్ను గుమ్మం దాకా నెట్టి, ఆయనకి అందించింది. "ఇప్పుడు చూడండి."

"లేదే! లవంగమే లేదు!"

వెనక్కొచ్చి నా చెయ్యి పట్టి లాక్కెళ్ళి, మణికట్టు ఆయన ముక్కు కింద పెట్టింది. "ఇప్పుడో?"

"ఇదే! చెక్కతో సహా ఇదే!"

ఇక దాచడానికి ఏమీ మిగల్లేదు. "మొదటిరోజు నుంచీ నాకు తేడా ఏమీ తెలియలేదండీ. మీరన్నారని నేనూ అన్నాను" అని ఒప్పేసుకున్నాను. సుబ్బారావు గారు లేచి నిలబడి, "మస్తానమ్మా, తప్పు నాది. సోమవారం నుంచి డబ్బా కూడా నువ్వే తీసుకురా" అన్నారు. "వీణ్ణేం చేద్దామంటావ్?"

ఆవిడ నా మణికట్టు ఇంకోసారి, ఈసారి తీరిగ్గా వాసన చూసింది. "కడుక్కోమనండి, చాలు. సరుకు మంచిదేనండీ, రోజూ వేసుకోవచ్చు. అబ్బాయికి పాళ్ళే తెలీదు."

కుళాయి కింద మోచేతుల దాకా తోముకుంటూ, మర సాక్షిగా ప్రతిజ్ఞ చేశాను. ఏ సెంటైనా ఒక్కసారికి మించి కొట్టుకోను. నాకు తగలని వాసన తగిలిందని, ఎంతటివాళ్ళు అడిగినా సరే, ఈ జన్మలో ఇంకెప్పుడూ "అవునండీ" అనను.