నాలుగిళ్ళలో ఎర్ర కుర్చీలు

రూతు మా వెనక వీధిలో ఉంటుంది. ఉయ్యూరు చుట్టుపక్కల చెరుకు నరకడం ఆమె పని. భర్త మరియదాసు పోయి ఐదేళ్ళయింది. ఒక్కతే కూతురు బ్లెస్సీ, ఎనిమిదో తరగతి. కోతల కాలం రాగానే రూతు ముఠాతో లారీ ఎక్కి, నాలుగు నెలలు తోటల దగ్గరే గుడిసె వేసుకుని ఉంటుంది. ఇన్నాళ్ళూ పిల్లను వాళ్ళ అమ్మమ్మ చూసుకునేది. ఆవిడ మొన్న వేసవిలో కాలం చేసింది. ఈసారి వెళ్తే బ్లెస్సీని బడి మాన్పించి వెంట తీసుకెళ్ళాల్సిందే.

అప్పుడే ఒక కబురు వచ్చింది. ఎక్కడో పై దేశాల వాళ్ళు చందాలు వేసుకుని పంపే డబ్బుతో, బాగా పేదగా ఉన్న ఒంటరి ఆడవాళ్ళకు పాడిగేదెను ఇస్తారట. ముందు ఇల్లు చూసి పేర్లు రాసుకుంటారు.

వాళ్ళు వచ్చే ముందురోజు రూతు మా గుమ్మంలోకి వచ్చింది.

"అక్కగారూ, రేపు ఆఫీసరు గారితో దొరసాని కూడా వత్తందంటండి. కుర్చీలిత్తారా?"

నాలుగు ఎర్ర ప్లాస్టిక్ కుర్చీలు, టేబుల్ ఫ్యాను, స్టీలు గ్లాసులు ఇచ్చాను. రూతు మావారి వాలుకుర్చీ వైపు చూసి, ఏమీ అడక్కుండా తల తిప్పుకుంది. ఆయన పోయి ఎనిమిది నెలలు. దాన్ని ఎవరూ కదపలేదు. అదీ తీసుకెళ్ళమన్నాను. ఇంటికి మనిషి వస్తుంటే పక్కింట్లో అడిగి తెచ్చుకోవడం మాకు మామూలే. నాకు తప్పు తోచలేదు.

పదిరోజులకు చర్చి గోడకు జాబితా అంటించారు. రూతు పేరు లేదు.

"ఫ్యానుంది, వాలుకుర్చీ ఉంది, ఇంకా గేదెందుకన్నారంటండి. నన్ను జమీందారుని చేసేశారు," అంది నవ్వుతూ.

"అవి మావని చెప్పలేకపోయావా?"

"అంతమందిలో అరువు తెచ్చానని ఎట్టా చెప్పమంటారండీ?"

కాసేపటికి నవ్వు ఆగిపోయింది. సోమవారం లారీ వస్తుందని, బడికి ఇక రానని బ్లెస్సీ టీచరుకు చెప్పేసిందని అంది.

మావారు పోయాక నేను గేటు దాటలేదు. మర్నాడు ఆటో ఎక్కి ఆ గేదెలిచ్చేవాళ్ళ ఆఫీసుకు వెళ్ళాను. నాకు పెద్ద చదువు లేదు, నలుగురిలో మాట్లాడ్డమూ రాదు. ఆఫీసరు ఉదయభాస్కర్ గారికి ఒక్క ముక్క చెప్పాను.

"రూతు ఇంట్లో మీరు చూసిన సామాను నాదండీ."

"పేరు రాకపోతే అందరూ అదే అంటారమ్మా."

"ఫొటోలు తీశారు కదండీ. కుర్చీల వెనక చూడండి."

ట్యాబులో ఫొటో పెద్దది చేశారు. ప్రతి కుర్చీ వెనకా తెల్లరంగుతో నాగేశ్వరరావు అని ఉంది. పెళ్ళిళ్ళకు ఇచ్చినప్పుడు మారిపోకుండా మావారే తన పేరు రాసుకున్నారు. ఉదయభాస్కర్ గారు తర్వాతి ఇంటి ఫొటో చూశారు. ఆ పక్కింటిదీ చూశారు. వరసగా నాలుగిళ్ళలోనూ అవే కుర్చీలు. తన పని అవగానే రూతు వాటిని మిగతావాళ్ళకు అందించిందన్నమాట.

"ఈ నాగేశ్వరరావు గారికి మొత్తం ఎన్నిళ్ళున్నాయండీ?" అన్నారు.

నాకు నవ్వొచ్చింది. ఎనిమిది నెలల్లో అదే మొదటిసారి. కొంగుతో కళ్ళు తుడుచుకుని, "ఒక్కటేనండీ," అన్నాను.

గురువారం మధ్యాహ్నం చెప్పాపెట్టకుండా వచ్చి నాలుగిళ్ళూ మళ్ళీ చూశారు. ఆయన్ని గోనెపట్టా మీద కూర్చోబెట్టాల్సి వచ్చిందని రూతు సాయంత్రం దాకా మొత్తుకుంది. శనివారం కొత్త జాబితాలో నాలుగు పేర్లూ ఉన్నాయి.

సోమవారం పొద్దున ముఠా లారీ సందు మొదట్లో హారన్ కొట్టింది. ఈ ఏడు రానని రూతు మేస్త్రీకి చెప్పి వచ్చి, అరుగు మీద కూర్చుని బ్లెస్సీకి జడలు వేయసాగింది.

"బడికి టైమైందమ్మా, వదులు."

"కదలమాకే, పాపిడి వంకర పోతంది."