బ్లాజెయ్ వెనకాల దిగిన పిల్ల

మా చెల్లెలు హెర్మీనా కూతురు జెల్మీరా నడవడం కంటే ముందే మంచుమీద జారడం నేర్చుకుందని ఊళ్ళో చెప్పుకుంటారు. అబద్ధం. నడక నేర్పింది నేనే, మా వంటింట్లో. జారడం నేర్పింది వాళ్ళ అన్న బ్లాజెయ్. దిగువ టాట్రా కొండల కింద మా ఊళ్ళో స్కీలు లేని ఇల్లు లేదు. కానీ కర్రల మధ్య మెలికలు తిరుగుతూ దిగే స్లాలం అందరికీ పట్టుబడదు. ఎర్ర కర్రల గేటు, నీలం కర్రల గేటు, మళ్ళీ ఎర్ర, మళ్ళీ నీలం. ఒక్కటి తప్పినా పందెం పోయినట్టే. కర్రలు తగిలి తగిలి ఆ పిల్ల కాళ్ళు చలికాలమంతా కమిలే ఉండేవి. పందికొవ్వు కాచి రాసేదాన్ని.

బ్లాజెయ్ పందేలు గెలిచే రకం కాదు. వాణ్ణి అందరికంటే ముందు దింపేవారు. పోటీ మొదలయ్యే ముందు ఒకడు దిగి దారి ఎలా ఉందో చూపించాలి. వాడికి నంబరు ఉండదు, టైము రాయరు, చప్పట్లు కొట్టరు. వాడికి అదే ఇష్టం. తన ముందు ఎవరూ ఉండరనీ, మంచంతా తనదేననీ మురిసిపోయేవాడు. జెల్మీరాకి పదిహేనేళ్ళప్పుడు, అలా దిగిన ఒక పొద్దున వాడు కింద ఆగలేదు. చివరి మలుపు దగ్గర ఎడమకి తిరిగి, ఫిర్ చెట్ల సందులోంచి లోయవైపు వెళ్ళిపోయాడు. ఎందుకు వెళ్ళాడో ఇప్పటికీ ఎవరికీ తెలియదు. కొండమీంచి మంచు విరిగి వాడిమీద పడింది. వసంతంలో అది కరిగాక గాని వాడు మాకు దొరకలేదు.

చచ్చినవాడి కళ్ళు చారెడంటారు. హెర్మీనాకి వాడి కళ్ళే కాదు, వాడి ఆకలి, వాడి చలి కూడా ఏటికేడాది పెద్దవైపోయాయి.

క్రిస్మస్ ముందు సాయంత్రం మా ఇళ్ళల్లో బల్లమీద ఒక కంచం ఎక్కువ పెడతాం. అది ఎవరికో చెప్పం. దారితప్పిన వాళ్ళు రావచ్చు, పోయినవాళ్ళు రావచ్చు. పేరు మాత్రం పెట్టం. పేరు పెట్టి పిలిస్తే వచ్చినవాళ్ళు తిరిగి వెళ్ళరు. ఈ సంగతి పాలుతాగే పిల్లలకి కూడా తెలుసు. హెర్మీనా తెలిసే చేసింది. వాడు పోయిన ఏడాది, పండగ ఆచారం ప్రకారం కూతురి నుదుటిమీద తేనెతో శిలువ గీసి, అదే వేలితో ఖాళీ కుర్చీ వీపుమీద కూడా గీసింది.

"బ్లాజెయ్, చెల్లి ముందు నువ్వు దిగు నాన్నా. దానికి దారి చూపించు" అంది.

మర్నాడు చూస్తే కుర్చీమీద తేనె లేదు. పిల్లి నాకేసి ఉంటుందని హెర్మీనా అంది. వాళ్ళింట్లో పిల్లి లేదు.

ఆ చలికాలం నుంచే జెల్మీరా గెలవడం మొదలుపెట్టింది. ముందు జిల్లా, తర్వాత దేశం, తర్వాత ఆస్ట్రియా, ఇటలీ, నార్వే. మధ్యలో దేశం రెండు ముక్కలైంది, జట్టుకి డబ్బిచ్చేవాడు లేకుండా పోయాడు. కోచ్ ఇమ్రిచ్ పాత కారులోనే నిద్ర, మేం కట్టిచ్చిన రొట్టె, పొగబెట్టిన మాంసంతోనే భోజనం. స్కీలకి మైనం నా ఇస్త్రీపెట్టెతోనే పట్టించేది. ఆ పెట్టెతో తర్వాత నేను చర్చికి కట్టుకునే పావడా ఇస్త్రీ చేసి నాశనం చేసుకున్నాను. ఎవరో ముందు నడిచి చూపిస్తున్నట్టు దిగుతుందని పేపర్లో రాశారు. ఆ ముక్క నాకు చదివి వినిపించినప్పుడు ఊళ్ళో అందరూ మురిశారు. నేను మురవలేదు.

ఏళ్ళు గడిచేకొద్దీ ఇమ్రిచ్ గొణుగుడు ఎక్కువైంది. ఈ పిల్ల ప్రతి మలుపులోనూ ఎడమకి ఎక్కువగా పోతోంది, కిందటేడు కంటే ఈ ఏడు ఇంకా ఎక్కువ, తిట్టినా వినదు అనేవాడు.

దానికి ముప్పై నిండబోతున్న ఏడాది, ఒలింపిక్స్‌కి మా దేశం నుంచి స్లాలంలో ఒక్క ఆడపిల్లకే చోటుందన్నారు. ఎంపిక పందెం క్రిస్మస్ వెళ్ళిన వారంలో, మా కొండమీదే. డిసెంబరులో ఒకరోజు అది మా వంటింట్లో కూర్చుని కళ్ళు మూసుకుని చేత్తో దిగుతోంది. వాళ్ళందరూ అంతే చేస్తారు. గేట్లన్నీ బట్టీపట్టి, అరచెయ్యి అటూ ఇటూ వంచుతూ మనసులోనే కొండ దిగుతారు. నేను క్యాబేజీ తరుగుతూ ఆ చెయ్యి చూస్తున్నాను. ఎడమ, కుడి, ఎడమ, కుడి. చివర్లో ఎడమకి వంగింది. అలాగే ఉండిపోయింది.

"అక్కడ గేటు లేదు కదే?" అన్నాను.

"లేదు. వాడు అటు వెళ్తాడు పెద్దమ్మా."

ఎవడని నేను అడగలేదు. అదే చెప్పింది, క్యాబేజీ పుల్లకూర రుచి చెప్పినంత మామూలుగా. అన్న చనిపోయిన ఏటి పండగ నుంచీ ప్రతి పందెంలోనూ ముందు వాడే దిగుతున్నాడట. పాత ఎర్ర జాకెట్టు. ఒక్కసారైనా వెనక్కి తిరగడు. ఏ దేశమైనా, ఏ కొండైనా వస్తాడు. ఏటేటా చివర్లో కాస్త ఎక్కువ ఎడమకి లాగుతున్నాడు. పరాయి కొండల్లో ఎడమన పడకుండా ఆపే వల ఉంటుంది, జనం ఉంటారు. మా కొండమీద ఎడమన లోయ ఉంది.

"వెళ్తే వెళ్ళనీ. నువ్వెందుకు వెళ్ళడం?"

"దిగేటప్పుడు నాకు ఆలోచన ఉండదు పెద్దమ్మా. వాడి వీపు ఉంటుంది, అంతే. వాడు లేకపోతే నేను గెలవలేను. ఉంటే ఆగలేను."

ఆ మాట అని మీగడ గిన్నె నాకేసింది.

పండగ సాయంత్రం మొదటి చుక్క పొడవగానే హెర్మీనా ఇంటికి వెళ్ళాను. మా వైపు బల్ల కాళ్ళకి గొలుసు చుడతారు, ఇల్లు చెదరకూడదని. ఒకసారి కూర్చున్నాక భోజనం ముగిసేదాకా ఎవరూ లేవకూడదు. లేచినవాళ్ళకి వచ్చే క్రిస్మస్ ఉండదు. అందుకే గిన్నెలన్నీ చేతికందేలా బల్ల పక్కనే పెట్టుకుంటాం. హెర్మీనా ప్రార్థన చెప్పి కూర్చుంది, జెల్మీరా కూర్చుంది. అప్పుడు నేను వెళ్ళి బ్లాజెయ్ కుర్చీలో కూర్చున్నాను.

హెర్మీనా చెంచా కింద పెట్టింది. "అది వాడిదక్కా. లే."

"లేవమంటావా? నేను వచ్చే పండగ చూడాలని లేదా నీకు?"

ఆమె లేచి నన్ను లాగలేదు, తనకీ అదే నియమం. పళ్ళు కొరుకుతూ కూర్చుంది. నా కింద కుర్చీ చెక్క నదిలోంచి తీసినట్టుంది. ఆ చలి పావడా దాటి ఎముకల్లోకి వచ్చింది. నా ముందున్న పులుసు పొయ్యిమీంచి దింపిందే, చూస్తుండగా కొవ్వు గడ్డకట్టి పైన తెల్లటి పొర వేసింది. చెంచా పెడితే ఆ పొర పుటుక్కున విరిగింది. అంతా తిన్నాను. ఒక్క గుటక వదల్లేదు.

కుర్చీకి శిలువ గీసే తేనె గిన్నెకోసం హెర్మీనా చెయ్యి చాపింది. గిన్నె నా ఒళ్ళో పెట్టుకున్నాను.

"బ్లాజెయ్, దారి చూపించింది చాలు. నీకు ఎటు వెళ్ళాలనుంటే అటు వెళ్ళు. ఒక్కడివే వెళ్ళు" అన్నాను, బల్లమీదికి చూస్తూ.

"నా కొడుకుని నా ఇంట్లోంచి పంపడానికి నువ్వెవరు?" అంది హెర్మీనా.

"ఉన్న పిల్లకి పెద్దమ్మని."

జెల్మీరా తలెత్తలేదు. చేప ముల్లు తీసుకుంటూ కూర్చుంది. వాడు లేకపోతే గెలవదు, అది దానికీ తెలుసు.

పందెం రోజు నేను కింద గీత దగ్గర టీ పోస్తున్నాను. జెల్మీరా నంబరు పిలిచారు. పైనుంచి చిన్న చుక్కలా బయల్దేరింది. ఇమ్రిచ్ నోట్లో సిగరెట్టు జారి పడింది. ఆ పిల్ల అంత తడబడుతూ దిగడం మేమెవరమూ చూడలేదు. ప్రతి గేటు దగ్గరా వెతుక్కుంటోంది, కర్రలు మొహానికి తగులుతున్నాయి. చివరి మలుపు దగ్గర ఒక్క క్షణం నిటారుగా నిలబడిపోయింది. నా చేతిలో గరిటె ఆగిపోయింది. కుడికి తిరిగి గీత దాటింది.

బోర్డుమీద దాని పేరు ఎక్కడో అడుగున పడింది. ఒలింపిక్స్ పోయినట్టే. అది స్కీలు విప్పి నా దగ్గరికి వచ్చింది. పెదవి పగిలి రక్తం కారుతోంది.

"ఇవాళ వాడు కనపడలేదు. ఎన్ని గేట్లో పెద్దమ్మా. ఇన్నేళ్ళూ వాడి వీపు తప్ప నేనేమీ చూడలేదు."

ఇంతలో గేట్ల దగ్గర కాపలా నిలబడే గాష్పర్ దిగి వచ్చాడు. గాష్పర్ పండ్లసారా తాగుతాడు, కాదనను. పందెం రోజున మాత్రం ముట్టడు. వచ్చి, మీ పిల్లకి ముందు దిగిన కుర్రాడెవడు, నంబరు కూడా లేదు, అలా చెట్లలోకి వెళ్ళాడేంటి, పిలిస్తే వెనక్కి చూడలేదు అన్నాడు.

నేనూ, జెల్మీరా, గాష్పర్ ముగ్గురం పక్కనుంచి ఎక్కి చూశాం. చివరి మలుపు నుంచి ఎడమకి, ఎవరూ తొక్కని మంచులో రెండు సన్నటి గీతలు. ఫిర్ చెట్ల మధ్యనుంచి తిన్నగా లోయ అంచుదాకా వెళ్ళాయి. అంచు దగ్గర ఆగిన గుర్తు లేదు. జెల్మీరా అంచుదాకా వెళ్ళి కిందికి తొంగిచూసింది. నేను దాని జాకెట్టు వెనకనుంచి గట్టిగా పట్టుకున్నాను.

పందెంలో రెండుసార్లు దిగాలి, రెండోసారికి అది పైకి వెళ్ళలేదు. మళ్ళీ ఏ పందేనికీ వెళ్ళలేదు. హెర్మీనా నాతో మాట్లాడటం మానేసింది. చర్చిలో కూడా నా పక్క బెంచీ ఖాళీగా వదిలి కూర్చుంటుంది. కూర్చోనీ.

జెల్మీరా ఇప్పుడు చర్చి వెనక పచ్చికలో ఊరి పిల్లలకి గేట్లు పాతి నేర్పుతోంది. పొద్దున్నే అందరికంటే ముందు అదే ఒకసారి దిగుతుంది. పిల్లల ముందు తన జాడ తప్ప ఇంకొకరిది ఉండకూడదంటుంది. కొత్త మంచు పడిన కొన్ని రోజుల్లో, అది వెళ్ళేసరికే మంచుమీద రెండు గీతలుంటాయి. ఆ రోజు పిల్లల్ని ఇంటికి పంపేస్తుంది. తల్లులు విసుక్కుంటూ నా దగ్గరికి వచ్చి ఎందుకని అడుగుతారు.

పిల్లల్ని కొండపైకి లాగే తాడు తెగిందని చెబుతాను.