బూడిద రంగు గంటలు

మా ఇల్లు నిశ్శబ్దంగా ఉంటుందని నాకు మహా గొప్పగా ఉండేది. కోహ్కాలో మా బావమరిది ఇంటికి వెళ్తే టీవీ ఒక పక్క, పిల్లల కొట్లాట ఒక పక్క, చెవులు చిల్లులు పడేవి. "ఇదేటి, ఇల్లా సంతా?" అని వెక్కిరించి, రుఆబాంధాలో మా క్వార్టర్‌కి వచ్చి హాయిగా ఊపిరి పీల్చుకునేవాణ్ణి. ఉక్కు ఫ్యాక్టరీ రోలింగ్ మిల్లు హోరులో షిఫ్టులు చేసేవాడికి ఇలాంటి భార్యా కూతురూ దొరకడం అదృష్టమని అందరికీ చెప్పుకునేవాణ్ణి.

పోయిన ఏడాది రిటైరయ్యాను. ఈ మధ్య మా అమ్మాయికి కాలేజీలో ఒక పని అప్పజెప్పారు. మనుషులు రోజంతా ఏం చేస్తూ గడుపుతారో ఇంటింటికీ వెళ్లి అడిగి, దాన్ని బొమ్మగా చూపించాలట. మనిషికొక పొడుగాటి కాగితప్పట్టీ. నిద్రకు నీలం, వంటకు పసుపు, ఉద్యోగానికి ఎరుపు. ఒక ఇంటివాళ్ల పట్టీలన్నీ ఒకదాని కింద ఒకటి అతికించి హాలు నిండా పరిచింది. నేను పెద్ద ఇన్‌స్పెక్టర్‌లా కుర్చీలో కూర్చుని చూస్తున్నాను.

కొన్ని ఇళ్లలో బూడిద రంగు కనిపించింది. చరోదా యార్డులో పనిచేసే రైల్వే ఆయన ఇంట్లో మరీ ఎక్కువ. ఆయన పట్టీలో పగటిపూట నీలం ఉన్నచోటల్లా, కింద భార్యాపిల్లల పట్టీల్లో బూడిద.

"ఇదేటమ్మా?" అన్నాను.

"ఆ రంగు 'చుప్ రహనా', పాపా. నైట్ డ్యూటీ చేసినోళ్లు పడుకుంటే ఇంట్లోవాళ్లు సప్పుడు సెయ్యరు కదా, అదీ. ఫారంలో లేదు, నేనే పెట్టాను" అంది అమ్మాయి.

తెలివైన పిల్ల అని మురిసిపోతూ మా ఇంటి పట్టీలు వెతికాను. నా భార్యకు మధ్యాహ్నమంతా బూడిదే. అమ్మాయికీ అంతే. పైన నా పట్టీలో మాత్రం ఆ వేళ నీలం లేదు, పేపరు చదివే ఆకుపచ్చ ఉంది.

"నేనిప్పుడు పగలు పడుకోవడం లేదు కదే" అన్నాను.

అమ్మాయి వాళ్లమ్మ వైపు చూసింది. కూర తరుగుతున్న నా భార్య తలెత్తకుండానే చెప్పింది. "అలవాటయిపోనాదండీ. నిద్దర పాడైతే మీరు అరిసీవోరు కదేటి."

నిష్ఠూరంగా అన్నా బాగుండేది. వానొచ్చిందని చెప్పినట్టు మామూలుగా అంది. మా ఇంట్లో కుక్కర్ విజిల్ నేను ఎన్నడూ వినలేదనీ, పప్పు ఎప్పుడూ గిన్నెలోనే ఉడికేదనీ నాకు అప్పుడు తట్టింది. ఇక వీళ్లు నా ఎదుట ఎప్పటికీ ఇలాగే ఉండిపోతారేమోనని భయం వేసింది.

మర్నాడు మధ్యాహ్నం ఆమె పెరట్లో బట్టలు ఆరేస్తుంటే, ఎవరికీ చెప్పకుండా నేనే అటక మీది కుక్కర్ దించి, పప్పు పడేసి స్టవ్ మీద పెట్టాను. విజిల్ వచ్చింది. చేతిలో తడి చీర అక్కడే పారేసి ఆమె పరుగెత్తుకొచ్చి స్టవ్ కట్టేసింది. ఊపిరి బిగబట్టి పడకగది తలుపు వైపు చూసింది.

నేను ఆమె పక్కనే నిలబడి ఉన్నాను.