పూజపూలతో రంగేసిన శాలువా

శాలువా పూర్తయ్యాక దాని రంగు చూసుకుని నేను మురిసిపోయింది సరిగ్గా నాలుగు రోజులు. ఐదో రోజు పొద్దున పదిన్నరకు పక్కింటి ఆవిడ గోడ మీదుగా ఒక మాట అడిగింది. అప్పటినుంచి ఆ పసుపు రంగు ఎక్కడ కనపడినా నాకు గుండె దడ.

మాది కార్ఖానా అనే పేటలో ఒక పాత కాలనీ. ముప్ఫై ఏళ్లు స్కూల్లో సోషల్ చెప్పి రిటైరయ్యాను. ఊరికే కూర్చోవడం చేతకాదు కాబట్టి ఊలు అల్లుతాను. మా ఇంట్లో బిడ్డ బాప్తిస్మానికి అమ్మమ్మ శాలువా అల్లి ఇవ్వడం ఆనవాయితీ. నా కూతురికి మా అమ్మ అల్లింది, తెల్లది. ఇప్పుడు నా వంతు. కూతురూ అల్లుడూ నాతోనే ఉంటారు. అప్పటికి మనవరాలికి ఏడో నెల నడుస్తోంది, డిసెంబరులో బాప్తిస్మం పెట్టుకున్నాం.

అందరూ తెల్లది అల్లితే నేనూ తెల్లదే అల్లాలా అనిపించింది. ఫోన్లో ఎవరో పూలతో ఊలుకు రంగు వేస్తుంటే చూశాను. ఇక ఆగలేదు. "మామూలు తెల్ల ఊలు కొనుక్కోక ఈ ప్రయోగాలు ఎందుకు మమ్మీ?" అంది నా కూతురు. పసిబిడ్డ ఒంటికి కెమికల్ రంగులు ఎంత చెడ్డవో ఆమెకు అరగంట క్లాసు తీసుకున్నాను. ఆ క్లాసు తలుచుకుంటే ఇప్పుడు సిగ్గుతో ఒళ్లు చచ్చిపోతుంది.

మా ఇంట్లో రెండు క్రోటన్ కుండీలు తప్ప పూలు లేవు. పక్కింటి పెరడంతా పూలే. ఆవిడ నాకంటే పెద్దది, ఇరవై ఏళ్లుగా ఇరుగుపొరుగు. తెల్లారగానే పూలు కోసి పూజ చేస్తుంది. మర్నాడు దేవుడి మీంచి తీసిన పూలు ఎవరూ తొక్కకూడదని సంచిలో వేసి చెట్ల మొదట్లో పోస్తుంది. ఆ పూలు నాకిమ్మని అడిగాను.

"తీస్కపో టీచరమ్మా, చెత్తల పడకుండ బట్టకు రంగైతే మంచిదే కద" అంది.

మూడు వారాల పాటు రోజుకో సంచి వచ్చింది. అది కార్తీకమాసం, పూలకు కొదవ లేదు. నేను వాటిని డాబా మీద చాటల్లో ఎండబెట్టాను. ఎండాక అన్నీ ఒకేలా ముడుచుకుని పసుపూ గోధుమా కలిసిన పొట్టులా అయిపోయాయి. నేను పుట్టి బుద్ధెరిగాక పూజ చేసిన మనిషిని కాను. ఏ వారం ఏ దేవుడికి ఏ పువ్వు పెడతారో నాకెలా తెలుస్తుంది? నా కంటికి పచ్చగా ఉన్నదంతా బంతే.

ఊలును పటిక నీళ్లలో నానబెట్టి, పూలు మరిగించి, పాత చున్నీతో వడగట్టి, ఆ నీళ్లలో ముంచాను. ముద్దపప్పు రంగు వచ్చింది, అంత కమ్మగా. నీళ్లు తేటగా వచ్చేదాకా జాడించి, నీడన ఆరేసి, అల్లడం మొదలుపెట్టాను. చివర్లకు కుచ్చులు కూడా పెట్టాను. బాప్తిస్మం ఆదివారం దాకా బీరువాలో పెట్టాల్సింది. మనసు ఆగలేదు. పూర్తయిన రోజునుంచే చలి అనే వంకతో పిల్లకు కప్పడం మొదలుపెట్టాను.

ఆ పొద్దున వరండాలో ఎండ పడుతుంటే మనవరాలిని ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాను. నా కూతురికి వారంలో రెండు రోజులు ఇంటినుంచే పని, ఆ రోజు లోపల గదిలో ల్యాప్‌టాప్ ముందు ఉంది. అల్లుడు డ్యూటీకి వెళ్లాడు. పిల్లకు పళ్లొస్తున్నాయి, ఏది దొరికితే అది చిగుళ్లకేసి రుద్దుతోంది. శాలువా కుచ్చు ఒకటి నోట్లో పెట్టుకుని చప్పరిస్తోంది. పక్కింటి ఆవిడ గోడ దగ్గరికి వచ్చి చూసింది.

"మంచిగొచ్చింది టీచరమ్మా రంగు. అవుగని, సోమవారం పూలల్ల పచ్చగన్నేరు సుత ఉండె. ఏరి పారేసినవు కద?"

"పచ్చగన్నేరు ఎందుకుంది అక్కా అందులో?"

"శివునికి పెడతం కద. గా మూలకున్న చెట్టువే. విషం కద అది, మనుమలొస్తే ఆ దిక్కు పోనియ్య. నీకు ఎరికే అనుకున్న."

గన్నేరు పప్పు తిని ప్రాణాలు తీసుకున్న వాళ్ల సంగతులు చిన్నప్పటినుంచి విన్నదాన్ని. ఆ పూలు నా చాటల్లో ఎండాయని, నా గిన్నెలో మరిగాయని మాత్రం అప్పుడే తెలిసింది. పిల్ల నోట్లోంచి కుచ్చు లాగాను. అది మొదలంటా తడిసి ఉంది. లోపలికి పరిగెత్తి తడిగుడ్డతో నాలుక, చిగుళ్లు తుడిచాను. గట్టిగా తుడిచానేమో, గుక్కపట్టి ఏడ్చింది.

"ఏమైంది మమ్మీ?" గదిలోంచి నా కూతురు అడిగింది.

"ఏం కాలేదు. శాలువా మురికైంది, ఉతుకుతా" అన్నాను.

ఎంత తేలిగ్గా వచ్చిందో ఆ అబద్ధం. తడుముకోలేదు కూడా. కిటికీలోంచి చూస్తే, గోడ దగ్గర అదంతా విన్న పక్కింటి ఆవిడ తలవంచుకుని వెళ్లిపోతోంది.

పిల్ల ఏడ్చి ఏడ్చి నిద్రపోయింది. నేను మంచం పక్కన నేలమీద కూర్చుని దాని ఛాతీ మీద అరచెయ్యి పెట్టాను. ఊపిరి తీస్తే చెయ్యి లేస్తోంది, వదిలితే దిగుతోంది. ఒక్కసారి ఆలస్యంగా లేచినట్టనిపించినా నా పని అయిపోయేది. ఇంకో చేత్తో ఫోన్లో వెతికాను. ఆ విషం గుండెను పట్టుకుంటుందని ఉంది. వాంతులవుతాయని ఉంది. పన్నెండుకు లేచి పాలు తాగి కాస్త కక్కింది. రోజూ కక్కుతుంది. కానీ ఆ రోజు ఆ తెల్లటి మరకను వేలితో ముట్టి వాసన చూశాను. ప్రభువా, నన్ను తీసుకుపో, దీన్ని వదిలెయ్ అని వేడుకున్నాను. ప్రార్థన అయితే చేశాను గానీ, పది అడుగుల దూరంలో ఉన్న తలుపు తట్టలేదు. రెండుసార్లు లేచి ఆ తలుపు దాకా వెళ్లాను. రెండుసార్లూ వెనక్కి వచ్చాను.

ఒంటిగంటకు నా కూతురు భోజనానికి బయటికి వచ్చింది. నా మొహం చూసి ప్లేటు కింద పెట్టింది. అప్పుడు చెప్పాను. ఆమె అరవలేదు. పిల్లను ఎత్తుకుని, చెప్పులు వేసుకుని, ఆటో ఆపింది. నేను సంచీ పట్టుకుని వెనకాలే ఎక్కాను.

ఆసుపత్రిలో డాక్టరు చిన్నవాడే. "ఎన్ని గంటలకు నోట్లో పెట్టుకుంది?" అని అడిగాడు.

"పదిన్నరకు" అన్నాను.

నా కూతురు గోడ గడియారం వైపు చూసింది, తర్వాత నా వైపు. రెండు దాటుతోంది. నేను తల దించుకున్నాను.

అరచేయంత ఛాతీ మీద వైర్లు అతికించారు. జాడించిన ఊలులో పెద్దగా ఏమీ మిగలదని, అయినా గుండె సంగతి కాబట్టి సాయంత్రం దాకా చూడాల్సిందేనని డాక్టరు చెప్పాడు. ఆ మెషిన్ చప్పుడు ఒక్కోటి వింటూ నాలుగు గంటలు కూర్చున్నాను. ఆరు దాటాక పిల్ల ఒక వైరు పీకి పారేసి ఆకలితో గోల చేసింది. అంతా బాగుంది, తీసుకెళ్లండి అన్నారు. నేను అక్కడే బల్ల మీద కూలబడి ఏడ్చాను.

తిరిగి వచ్చేటప్పుడు ఆటోలో నా కూతురు పిల్లను ఒళ్లో పడుకోబెట్టుకుంది. తర్వాత నెమ్మదిగా అంది: "పూల సంగతి నీకు తెలీదు మమ్మీ, దానికి నేనేమీ అనను. పదిన్నర నుంచి ఒంటిగంట దాకా నేను పక్క గదిలోనే ఉన్నాను కదా."

నిన్ను కంగారు పెట్టొద్దనుకున్నాను అని అందామనుకున్నాను. అది ఇంకో అబద్ధం అయ్యేది. పిల్లకేమవుతుందోనన్న భయం నిజమే. కానీ ఆ తలుపు తట్టనివ్వనిది ఆ భయం కాదు. నా కూతురు నన్ను ఎలా చూస్తుందోనని భయపడ్డాను. ఆ రెండున్నర గంటలు పిల్ల ప్రాణం ఒకవైపు, నా పరువు ఒకవైపు పెట్టుకుని కూర్చున్నాను. అరవై మూడేళ్ల మనిషిని.

బాప్తిస్మానికి జనరల్ బజార్లో తెల్ల శాలువా కొన్నాం. బాగుంది అన్నారు అందరూ.

పిల్లను ఇప్పటికీ నా దగ్గరే వదిలి ఆఫీసుకు వెళ్తుంది. మధ్యాహ్నం ఫోన్ చేస్తుంది. ఇదివరకు పాలు తాగిందా అని అడిగేది. ఇప్పుడు ముందు అడిగేది ఒకటే: "నాకు చెప్పాల్సింది ఏమైనా ఉందా మమ్మీ?" ఏమీ లేకపోయినా ఏదో ఒకటి చెప్తాను, రెండుసార్లు తుమ్మిందని, కుడి బుగ్గ మీద దోమ కుట్టిందని. చెప్పడం అయిపోయాక కూడా ఆమె వెంటనే ఫోన్ పెట్టదు. ఇంకేమైనా మిగిలిందేమోనని వింటూ ఉంటుంది.